రెండు చెంచాల మధ్య

మేస్త్రి కూతురికి మాత్ర మింగడం రాదు. పెళ్ళయింది, ఎనిమిదో నెల నడుస్తోంది, అయినా రాదు. మాత్ర నాలుక మీద పడగానే గొంతు తలుపేసుకుంటుంది. నీళ్ళు లోపలికి పోతాయి. మాత్ర మాత్రం పిలవని చుట్టంలా గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. చిన్నప్పుడు ఒకసారి జ్వరం మాత్ర గొంతుకు అడ్డంపడి పిల్ల కళ్ళు తేలేసింది. ఆ రోజు నుంచి మేస్త్రి ఆమెకు మాత్రను మాత్రగా వేయలేదు. ఒక చెంచాలో మాత్ర పెడతాడు. దాని మీద ఇంకో చెంచాను కూర్చోబెట్టి, బొటనవేలితో అదిమి తిప్పుతాడు. పటుక్కుమంటుంది. మెత్తగా పిండి అయ్యాక తేనె చుక్క వేసి కలిపి నోట్లో పెడతాడు. ఇసుక, సిమెంటు పాళ్ళు కలిపిన చేయి అది. రవ్వ కూడా మిగల్చదు.

ఆ పిల్లకు తల్లి లేదు. ఈమెను కంటూనే పోయింది. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయన్నారు. వచ్చినప్పుడు మంచం దగ్గర ఉండాల్సిన నర్సు లేదు. ఎక్కడికి పోయిందని మేస్త్రి అడగలేదు. అడిగితే ఏదో ఒక కారణం చెబుతారు, కారణం వింటే కోపం తగ్గుతుంది. తగ్గడం అతనికి ఇష్టం లేదు. మళ్ళీ పెళ్ళి చేసుకోమని చెప్పడానికి వచ్చినవాళ్ళకు కూర్చోమని పీట కూడా వేయలేదు. పిల్లను తనే పెంచాడు. జడ వేయడం నేర్చుకున్నాడు. వేసిన జడ తాడులా బిగుసుకుని ఉండేది, పిల్లకు కనుబొమ్మలు పైకి లేచి ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేది. అయినా ఊడేది కాదు.

ఇప్పుడు అదే పిల్ల అదే జబ్బుతో ఆసుపత్రి మంచం మీద ఉంది. పాదాలు ఉబ్బాయి. తలనొప్పి. బీపీ దిగనంటోంది.

పగలు మంచానికి ఒక్కరినే ఉండనిస్తారు. వియ్యపురాలు ఉండాలి. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. ఎక్కలేనిది మెట్లే; మాట మాత్రం ఎంత ఎత్తుకైనా ఎక్కుతుంది. కోడలికి మాత్రలు మింగడం రాదని తెలిసిన రోజు వీధి మొత్తానికీ వినిపించేలా ఒక మాట అంది. ఆడపిల్లను మగాడు పెంచితే ఇంతే, గోడలు కట్టడం తెలుసు గానీ గుటక వేయడం నేర్పడం తెలియదు అని. ఆ మాట కూతురి చెవిన పడింది, కూతురి నుంచి తండ్రి చెవికి వచ్చింది. ఆసుపత్రిలో చేరిన రోజే అమ్మాయి తండ్రి చేయి పట్టుకుంది.

"నాన్నా, మాత్ర మింగలేనని ఇక్కడ ఎవరికీ చెప్పకు. ఆనోటా ఈనోటా పడి అత్తయ్య దాకా పోతుంది."

మేస్త్రి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. చిన్న నర్సు మాత్రలు తెచ్చి మంచం పక్కన సొరుగు మీద పెట్టి పోయేది. అతను తెర లాగి, సంచిలోంచి రెండు చెంచాలు తీసేవాడు. రెండు రోజులు అలా గడిచాయి. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే కొంప ముంచింది.

మూడో రోజు పెద్ద సిస్టర్ సెలవు నుంచి వచ్చింది.

ఆమె పొట్టి మనిషి. నడిస్తే చెప్పుల చప్పుడు కంటే ముందు జేబులో రబ్బరు సుత్తి, తాళంచెవులకు తగిలే చప్పుడు వినిపించేది. ఆ సుత్తితో మోకాలి కింద తడితే కాలు ఎగిరిపడాలి. వార్డులో అందరూ ఆమెను సుత్తి సిస్టర్ అనేవారు. ఆమెకూ తెలుసు. నేను కొట్టే సుత్తి కంటే నేను చెప్పే సుత్తి ఎక్కువని కదా మీ బాధ అని తనే ముందు అనేసి, నవ్వే అవకాశం వాళ్ళకు లేకుండా చేసేది.

మేస్త్రి నవ్వలేదు. తెల్ల బట్టలు కట్టినవాళ్ళ జోకులకు అతను నవ్వడు.

ఆమె వచ్చీ రాగానే అమ్మాయిని కూర్చోబెట్టింది. వీపుకు దిండు ఆనించింది, కాళ్ళు వేలాడకుండా పీట వేసింది, చేతిని గుండె ఎత్తుకు తెచ్చి అప్పుడు బీపీ పట్టీ చుట్టింది. పడుకోబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి చూస్తే అంకె ఒక దారిన రాదంది. కళ్ళ ముందు మిణుగురులు కనిపిస్తున్నాయా, పొట్ట పైభాగాన నొప్పి ఉందా అని అడిగింది. అమ్మాయి మిణుగురులు కనిపిస్తున్నాయంది. పెద్ద సిస్టర్ మొహంలో ఏమీ మారలేదు. డాక్టరమ్మను పిలిపించింది.

డాక్టరమ్మ రెండు పనులు చెప్పింది. ఫిట్స్ రాకుండా సెలైన్‌లో ఒక మందు ఎక్కించాలి. బీపీకి కొత్త మాత్ర ఒకటి కలపాలి.

ఫిట్స్ అన్న మాట వినగానే మేస్త్రి మంచం అంచు పట్టుకున్నాడు.

పెద్ద సిస్టర్ మందు ఎక్కించడం మొదలుపెట్టింది. ఆ మందు పామును పట్టినట్టు పట్టాలి, ఎక్కువైతే ఊపిరినే ఆపేస్తుంది అని తోడుగా ఉన్న చిన్న నర్సుకు చెప్పింది. అందుకే ఊపిరి లెక్క చూడాలి, మోకాలు తట్టి చూడాలి, సంచిలోకి మూత్రం దిగుతోందో లేదో చూడాలి. మోకాలు ఎగరడం మానేస్తే అది మొదటి కబురు, ఊపిరి తగ్గడం రెండోది. మూడోది వినే అవసరం రాకూడదు. మేస్త్రి ఆ మాటలన్నీ విన్నాడు. తన భార్య మోకాలిని ఎవరైనా తట్టి చూశారా అన్నది అతనికి తెలియదు.

తరువాత ఆమె కొత్త మాత్ర తెచ్చింది. ఎర్రగా, నున్నగా ఉంది. దీన్ని నమలకూడదు, నలపకూడదు, చప్పరించకూడదు, నిండు గ్లాసు నీళ్ళతో అలాగే మింగాలి అంది. ఎందుకో చెప్పలేదు. చెప్పినా మేస్త్రి వినేవాడు కాదు. చెయ్యొద్దు అనడం ఆసుపత్రి వాళ్ళకు ఊతపదం అని అతని నమ్మకం. ఇక్కడ కూర్చోవద్దు, అక్కడ ఉమ్మవద్దు, మంచం మీద సంచి పెట్టవద్దు, మాత్ర నలపవద్దు. అన్నీ ఒక వరసలో పడ్డాయి.

ఆమె చిన్న నర్సులా మాత్ర పెట్టి పోయే రకం కాదు. ఎదురుగా నిలబడింది. అమ్మాయి మాత్ర నోట్లో వేసుకుంది, నీళ్ళు తాగింది, గుటక వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్ద సిస్టర్ ఆమె గడ్డం పట్టుకుని నోరు తెరవమనబోయింది. సరిగ్గా అప్పుడే రెండు మంచాల అవతల ఒకామె కేక పెట్టింది. ఉమ్మనీరు పోయింది. పెద్ద సిస్టర్ అటు పరుగెత్తింది.

అమ్మాయి చెంపలోంచి మాత్రను అరచేతిలోకి ఉమ్మింది. పై రంగు కొంచెం చెదిరి చేతికి అంటింది. తండ్రి వైపు చూసింది. నోరు విప్పి అడగాల్సిన పని లేదు, ఇరవై ఏళ్ళ అలవాటు.

మేస్త్రి తెర లాగాడు. సంచిలోంచి చెంచాలు తీశాడు. ఈ మాత్ర గట్టిగా ఉంది, తొందరగా విరగలేదు. రెండు చేతులతో అదిమాడు. పటుక్కుమంది. పిండిని ఓపిగ్గా నూరాడు, తేనె వేశాడు, కలిపాడు, పెట్టాడు. చెంచా అడుగున అంటుకున్నదాన్ని కూడా రెండోసారి తేనె వేసి గీకి పెట్టాడు.

కొంతసేపటికి అమ్మాయి మొహం ఎర్రబడింది. ఉక్కపోస్తోంది నాన్నా అంది. మేస్త్రి అట్టముక్కతో విసిరాడు. గుండె దడదడలాడుతోందంది. మందు పనిచేస్తోంది కాబోలు అన్నాడు. ఆ మాట నిజమే. అంత నిజమని అతనికి తెలియదు.

తరువాత ఆమె ఏమీ అనలేదు. మెడ పక్కకు వాలింది. ఎర్రగా ఉన్న మొహం సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. నుదుటి మీద చెమట చుక్కలు. మేస్త్రి పిలిచాడు. పలకలేదు. ఇంకోసారి పిలిచాడు. కళ్ళు తెరిచింది గానీ ఆ కళ్ళు అతన్ని చూడడం లేదు.

మేస్త్రి లేచి నర్సును కేకేయబోయాడు. గొంతు రాలేదు. ఎంతకాలంగానో ఆ మనుషులను పిలవకూడదని ఒట్టు పెట్టుకున్న గొంతు అది. పిలవాల్సిన అవసరం లేకపోయింది. సుత్తి చప్పుడు వినిపించింది. అవతలి మంచం ఆమెను కాన్పు గదికి పంపి పెద్ద సిస్టర్ నేరుగా ఇక్కడికే వస్తోంది, చూడకుండా వదిలేసిన నోరు చూడడానికి.

అమ్మాయి మొహం చూసింది. నోటి సంగతి అడగలేదు.

బీపీ పట్టీ బిగించింది. పొద్దున నూట డెబ్భై దాటి ఉన్న అంకె ఎనభై దగ్గర నిలబడింది. ఇంకోసారి చూసింది. అదే. అమ్మాయిని ఎడమ పక్కకు తిప్పి, వీపు వెనుక దిండు దోపింది. ఫిట్స్ మందు ఎక్కే గొట్టాన్ని బిగించి ఆపేసింది. సుత్తి తీసి మోకాలు తట్టింది. కాలు ఎగిరింది. బలంగానే ఎగిరింది. ఛాతీ మీద చూపు నిలిపి ఊపిరి చూసింది. బాగానే ఉంది. మూత్రం సంచి ఎత్తి చూసింది.

"ఇది సెలైన్ మందు కాదు," అంది డాక్టరమ్మ రాగానే. "మోకాలు పలుకుతోంది. ఊపిరి ఉంది. అయినా ఆపేశాను."

డాక్టరమ్మ పొట్ట మీద చేయి వేసింది. బిడ్డ గుండె చప్పుడు వినిపించే మిషను పెట్టారు. పొద్దున అది గుర్రం పరిగెత్తినట్టు ఉంది. ఇప్పుడు అలసిన గుర్రం. ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తోంది. అంకె వంద కిందికి దిగింది, ఎనభై దగ్గర ఊగిసలాడింది.

మేస్త్రి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చేతిలో అట్టముక్క అలాగే ఉంది.

పెద్ద సిస్టర్ వంగి అమ్మాయి చెవిలో గట్టిగా అడిగింది. మాత్ర మింగావా అమ్మా అని. అమ్మాయి పెదవులు కదిలాయి. మింగాను అంది. నమిలావా అని అడిగింది. అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

అబద్ధం లేదు. నమల్లేదు, మింగింది. చావు ముంగిట కూడా ఆ పిల్ల తండ్రిని అప్పగించలేదు. ఆ చూపు ఒక్క క్షణం తండ్రి నిలబడిన గోడ వైపు తిరిగి వెనక్కి వెళ్ళింది.

మేస్త్రికి అప్పుడు తట్టింది. నమిలావా అని ఎందుకు అడిగింది? పొద్దున నలపవద్దు అని ఎందుకు అంది? నమిలితే ఏమవుతుంది, నలిపితే ఏమవుతుంది? ఎవరినీ అడగలేడు. అడిగితే చెప్పినట్టే.

మాయ ఊడి ఉండవచ్చు అంది డాక్టరమ్మ. బయటికి నెత్తురు కనిపించకపోయినా లోపల కారుతూ ఉండవచ్చు, అలాంటి కేసులు చూశాను అంది. పొట్ట రాయిలా గట్టిగా లేదు కదా అని పెద్ద సిస్టర్ అడిగింది. లేదు, కానీ బిడ్డ ఆగదు అంది డాక్టరమ్మ. థియేటర్ సిద్ధం చేయమంది. ఇంత తక్కువ బీపీలో మత్తు ఇవ్వడం ఎంత ప్రమాదమో ఆమె మొహంలోనే కనిపించింది. నెల తక్కువ బిడ్డ, ఊపిరితిత్తులు ఇంకా పచ్చివి. తీస్తే బతుకుతుందో లేదో. తీయకపోతే తల్లి లోపల ఏం జరుగుతోందో.

అల్లుడు అప్పుడే వచ్చాడు. బస్సు డ్రైవరు. ట్రిప్పు మధ్యలో దిగి వచ్చాడు, చేతికి ఇంకా స్టీరింగు జిడ్డు ఉంది. థియేటర్ మాట వినగానే అతనికి మతి పోయింది. పొద్దున ఫోనులో తనతో మాట్లాడిందన్నాడు. నవ్విందన్నాడు. పుట్టేవాడు బస్సు హారనులా ఏడుస్తాడంటూ జోకు కూడా వేసిందన్నాడు. ఆ తరువాత ఏం చేశారు మీరు అన్నాడు. కొత్త మాత్ర వేశాక ఇలా అయిందని పక్క మంచం ఆమె చెప్పింది. అంతే, పెద్ద సిస్టర్ మీదికి వెళ్ళాడు.

"ఏ మాత్ర వేశారు నా భార్యకు? మనుషులకు వేసేదేనా అది?"

ఆమె ఖాళీ మాత్రల అట్ట తీసి చూపించింది. డాక్టరమ్మ రాసిందే వేశానంది. ఒకటే వేశానంది. చేతులు మాత్రం పని ఆపలేదు. స్ట్రెచర్ పక్కకు జరిపిస్తోంది, గొట్టాలు సర్దుతోంది. నువ్వే చంపావని చెప్పడమే తరువాయిగా అతను మాట మీద మాట పేర్చాడు. మామ వైపు తిరిగాడు. చెప్పు మామయ్యా, నువ్వు ఇక్కడే ఉన్నావు కదా, ఈవిడ ఏం చేసిందో చెప్పు అన్నాడు.

మేస్త్రి నోరు విప్పకపోతే చాలు. ఇన్నేళ్ళ తరువాత ఒక తెల్ల బట్టల మనిషి అతని ముందు నిందపడి నిలబడింది. అతను చేయాల్సిన పని ఏమీ లేదు. కదలాల్సిన పని లేదు. గోడలా ఉంటే చాలు, గోడలా ఉండడం అతనికి వచ్చు.

పెద్ద సిస్టర్ అల్లుడి వైపు తిరిగింది.

"మాత్ర సరైనదే. నోరు తెరిపించి చూడలేదు, అది నా తప్పు. అవతల ఒకామెకు ఉమ్మనీరు పోతే పరిగెత్తాను. చూడాల్సినది చూడకుండా పోయాను. ఎవరితోనైనా చెప్పుకో. ఇప్పుడు దారి ఇవ్వు."

మేస్త్రి ఆ మాట విన్నాడు. నర్సు మంచం దగ్గర లేకపోతే ఎక్కడ ఉంటుందో అతనికి ఇంతకాలం తెలియదు. తెలుసుకోలేదు. అవతలి మంచం దగ్గర ఉంటుంది. అంతే. అందులో అతనికి ఓదార్పు ఏమీ దొరకలేదు. దొరికింది ఒకటే: ఈమె తన తప్పును నలుగురిలో నిలబడి చెప్పింది, ఏమీ కూలిపోలేదు, పని చేస్తూనే ఉంది.

స్ట్రెచర్ చక్రాలు కదిలాయి. మిషనులో గుర్రం ఇంకో అడుగు ఆలస్యంగా వేసింది.

మేస్త్రి సంచిలో చేయి పెట్టాడు. చెంచాలు ఒకదానికొకటి తగిలాయి. బయటికి తీశాడు. ఒక చెంచా వంపులో తేనెతో ఎండిన ఎర్రటి పూత సన్నగా మెరిసింది.

"నమల్లేదు," అన్నాడు. "నేను నలిపాను."

స్ట్రెచర్ ఆగింది. డాక్టరమ్మ వెనక్కి తిరిగింది.

"మొత్తం నలిపావా?"

"మొత్తం. రవ్వ మిగల్చలేదు."

ఎప్పుడూ గొప్పగా చెప్పుకునే మాట అది. ఇప్పుడు నోట్లోంచి రాయిలా పడింది.

డాక్టరమ్మ చెంచాలోని ఎర్ర పూత చూసింది. ఇది నెత్తురు కాదు, మాత్రే అంది. రోజంతా కరగాల్సిన మాత్ర ఒక్కసారిగా దిగింది, నరాలన్నీ వదులైపోయాయి, బిడ్డకు నెత్తురు తోసే బలం లేదు అంది. కోతకు సిద్ధంగానే ఉండమని, ముందు బీపీని ఇక్కడే నిలబెట్టి చూద్దామని చెప్పింది. పనులు చకచకా చెప్పింది. కాల్షియం సూది తెమ్మంది. బీపీ లేపే సూది కొంచెం కొంచెంగా ఇమ్మంది. సెలైన్ విప్పమంది, కానీ కుండలో పోసినట్టు పోయవద్దంది, ఈ జబ్బులో నీళ్ళు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నిండుతాయి.

పెద్ద సిస్టర్ కాల్షియం సూదిని తనే పట్టుకుంది. నరంలోకి మెల్లగా తోసింది. ఎంత మెల్లగా అంటే సూది కదులుతోందో లేదో మేస్త్రికి తెలియలేదు. ఆమె ఒక కన్ను సూది మీద ఉంది, ఒక కన్ను అంకె మీద ఉంది. అల్లుడు ఏదో అడగబోతే, మాట్లాడకు అంది. ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు. మిషను ఒక్కటే మాట్లాడుతోంది, అదీ నత్తిగా.

మేస్త్రికి స్లాబు గుర్తొచ్చింది. స్లాబు పోశాక కింద ఆనించిన కర్రలను ఒక్కసారిగా లాగకూడదు. తడుపుతూ, ఆగుతూ, ఒక్కొక్కటే తీయాలి. తొందరపడి లాగినవాడి ఇంట్లో పైకప్పు నేల మీద ఉంటుంది. ఈ సంగతి అతను ఎంతమంది కుర్ర మేస్త్రీలకు నేర్పాడో లెక్కలేదు. ఇవాళ ఆ కర్రలన్నీ రెండు చేతులతో తనే లాగేశాడు. తేనె కూడా పూశాడు.

బీపీ అంకె ఎనభై. తొంభై. మళ్ళీ ఎనభై అయిదు. డాక్టరమ్మ ఇంకో చుక్క సూది ఇప్పించింది. తొంభై అయిదు. వంద. మిషనులో గుర్రం తడబడింది, ఆగింది అనిపించింది, తరువాత అది ఒక అడుగు వేసింది, దాని వెనుక ఇంకొకటి. ఆ వెనుక తొందరగా ఇంకొకటి. బిడ్డ అంకె నూట పది. నూట ఇరవై. పరుగు అందుకుంది.

డాక్టరమ్మ మిషను మీద నుంచి చేయి తీయకుండానే స్ట్రెచర్‌ను వెనక్కి తిప్పమంది.

"కోత ఇవాళ వద్దు," అంది. "ఇవాళ వద్దు, అంతే. రేపటి మాట రేపు."

అల్లుడు గోడకు చారగిలబడి కింద కూర్చున్నాడు. మామ వైపు చూడలేదు. మేస్త్రి అతన్ని తప్పు పట్టలేదు. తనకైతే మళ్ళీ ఇటు చూపు తిప్పడానికి చాలా ఏళ్ళు పట్టేదని అతనికి తెలుసు.

పెద్ద సిస్టర్ అతని చేతిలోని రెండు చెంచాలనూ లాక్కుని జేబులో, సుత్తి పక్కన వేసుకుంది.

"పొద్దున నలపకూడదన్నాను. విన్నారా పెద్దాయనా?"

విన్నానన్నాడు.

"విని నలిపారు."

అవునన్నాడు.

పిల్లకు మింగడం రాదని ముందే నాకు చెబితే నోరు అరిగిపోయేదా అంది. ఏ మాత్ర మింగలేకపోయినా దానికి బదులు ఇంకో మందు ఉంటుందంది. సూది ఉంటుంది, నలపగల మాత్ర ఉంటుంది, డాక్టరు ఉంది, నేను ఉన్నాను అంది. మేస్త్రి నోరు తెరిచి వియ్యపురాలి మాట చెప్పబోయాడు. వీధి, గుటక, మగాడి పెంపకం. చెప్పకముందే అది ఎంత చిన్నదో కనిపించి మూసుకున్నాడు. ఇంత చిన్న మాటకు తను ఎంత పెద్దది పందెం కాశాడు.

ఎందుకు నలపకూడదో పొద్దునే చెప్పి ఉండాల్సింది, అదీ నా లెక్కలోనే వేసుకుంటాను అని ఆమె వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. అతను అడగలేదు.

ఎండ కిటికీ అంచు దాటాక అమ్మాయి సరిగ్గా కళ్ళు తెరిచింది. పెదవులు ఎండిపోయాయి. మేస్త్రి దూది తడిపి అద్దాడు. ఆమె అతని మొహం చదివింది.

"చెప్పేశావా నాన్నా?"

"చెప్పాను."

"అత్తయ్యకు తెలుస్తుంది."

"తెలియనీ."

అమ్మాయి పొట్ట మీద చేయి వేసుకుంది. బిడ్డ కదిలింది అంది. మేస్త్రి చేయి చాచి, మధ్యలో ఆపి, వెనక్కి తీసుకున్నాడు. అమ్మాయే ఆ చేయి పట్టుకుని పొట్ట మీద పెట్టుకుంది. లోపలి నుంచి ఒక తన్ను తగిలింది. గట్టిగానే తగిలింది. తగలాల్సినదే అనుకున్నాడు.

బీపీ మళ్ళీ ఎక్కడం మొదలైంది. అది అలాగే ఎక్కుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. నలిపిన మాత్ర జోరు తగ్గగానే జబ్బు మళ్ళీ తన పని చూసుకుంటుంది, అందుకే మందు మానేయడానికి వీల్లేదు, దించాలి కానీ పడేయకూడదు అని. ఫిట్స్ మందు మళ్ళీ మొదలుపెట్టారు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడడానికి తొడకు ఒక సూది వేశారు. ఇంకో రెండు మూడు రోజులు నిలబెట్టగలిగితే బిడ్డకు అంత మేలన్నారు.

దీపాలు వేసే వేళకు సుత్తి చప్పుడు వచ్చింది. పెద్ద సిస్టర్ అమ్మాయిని మెల్లగా లేపి కూర్చోబెట్టింది. గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయంది. వీపుకు దిండు, కాళ్ళకు పీట, చేయి గుండె ఎత్తుకు. బీపీ చూసింది. మోకాలు తట్టింది. నాడి పట్టుకుని చూసింది. నాడి అరవై కిందికి ఉంటే ఈ మాత్ర వేయను అంది. లేదు, బాగానే ఉంది. ఉబ్బసం ఉందా అని ఇదివరకే అడిగినది మళ్ళీ అడిగింది. లేదంది అమ్మాయి.

ట్రే మీద తెల్ల మాత్ర ఒకటి ఉంది. దాని పక్కన రెండు చెంచాలు. కడిగి, తుడిచి ఉన్నాయి. ఒక చిన్న తేనె సీసా. మేస్త్రి సంచిలోదే, ఎప్పుడు తీసుకుందో.

"మొదటి రెండు రోజులూ మీరు నలిపి పెట్టినది ఇదే," అంది. "దీన్ని నలపవచ్చు. డాక్టరమ్మను అడిగి వచ్చాను. నలపండి."

మేస్త్రి చెంచాలను ఆమె వైపు జరిపాడు. మీరే నలపండి సిస్టర్ అన్నాడు. ఆ పిలుపు అతని నోట రావడం అదే మొదలు. నాకు చేతకాదు, సగం మంచం మీద పోస్తాను, మీకు అలవాటు కదా అంది ఆమె. అబద్ధమాడుతోందని ఇద్దరికీ తెలుసు.

చెంచాలు తీసుకున్నాడు. మాత్ర పెట్టాడు. పైన రెండో చెంచా కూర్చోబెట్టి బొటనవేలు ఆనించాడు. ఎన్ని వేల ఇటుకలను వంకర లేకుండా పేర్చిన వేలు అది, ఇప్పుడు మెత్తగానే ఒత్తింది. మాత్ర పటుక్కుమనలేదు. ఇంకోసారి అదిమాడు. విరిగింది. నూరాడు. పెద్ద సిస్టర్ వంగి చెంచాలోకి చూసింది. పలుకు ఉంది, ఇంకా నూరండి అంది. నూరాడు. తేనె వేశాడు. కలిపాడు.

ఈసారి తెర లాగలేదు. వార్డు మొత్తం చూస్తోంది. అమ్మాయి నోరు తెరిచింది, అతను పెట్టాడు, ఆమె గుటక వేసింది. అల్లుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు, పోలేదు.

అవతలి వరసలో ఎవరో పిలిచారు. సిస్టర్, సిస్టర్ అని. పెద్ద సిస్టర్ వస్తున్నానంది గానీ కదల్లేదు.

"నోరు తెరువమ్మా."

అమ్మాయి తెరిచింది.

"నాలుక ఎత్తు."

ఎత్తింది. చెంపలను వేలితో లాగి రెండు వైపులా చూసింది. అప్పుడు చేయి తీసింది, మంచం మీద పెట్టిన సుత్తిని జేబులో వేసుకుంది.

"చెంచాలు కడిగి పెట్టండి పెద్దాయనా," అని, పిలిచిన మంచం వైపు పరిగెత్తింది.

మేస్త్రి ఆమె ఎటు వెళ్ళిందో చివరిదాకా చూశాడు. తరువాత చెంచాలు కడగడానికి లేచాడు.